చప్పట్ల యాప్‌తో 14 నెలలు: ఒక టీమ్ లీడ్ రివ్యూ

మా టీమ్‌లో అందరికంటే ఎక్కువ బ్యాడ్జీలున్న కుర్రాడు కిందటి నెల పేపర్లు పెట్టాడు. ఆఫీసులో ఒకరినొకరు మెచ్చుకోవడానికి పెట్టిన యాప్‌లో అతని ప్రొఫైల్ తెరిస్తే నగల కొట్టు అద్దాల బీరువాలా ధగధగలాడేది. ‘కస్టమర్ చాంపియన్’ 7 సార్లు, ‘టీమ్ ప్లేయర్’ 11 సార్లు, పైన ఒక ‘క్వార్టర్ స్టార్’. ఎందుకు వెళ్తున్నావయ్యా అని అడిగితే ఫోన్ తీసి ఆ పేజీనే నా ముందు పెట్టాడు.

“4,320 పాయింట్లున్నాయి మేడమ్. జీతం పెంచమంటే బడ్జెట్ లేదన్నారు. మరి వీటికి బడ్జెట్ ఎక్కణ్ణుంచి వస్తోంది?”

నాకు నోరు పెగల్లేదు. ఆ రోజు ఇంటికెళ్లాక ఈ రివ్యూ మొదలుపెట్టాను.

నేను కస్టమర్ సపోర్ట్‌లో బిల్లింగ్ ఫిర్యాదులు చూసే 18 మందికి లీడ్‌ని. ఫోన్ ఎత్తేసరికే అవతలివాళ్లు కోపంతో ఊగిపోతుంటారు. అందులో మా తప్పు ఉండదు, కానీ తిట్లు తినేది మేమే. ఇలాంటి పనిలో మనుషులు నిలవరు. కొత్తగా వచ్చినవాళ్లకు సిస్టమ్ అలవాటై, పక్కవాళ్లను అడక్కుండా ఎస్కలేషన్ (ముదిరి పైకి వచ్చిన ఫిర్యాదు) తీసుకునే ధైర్యం వచ్చేసరికి ఆరు నెలలు పడుతుంది. ఏడో నెలలో వాళ్లు వెళ్లిపోతే నేర్పినదంతా బూడిదలో పోసిన పన్నీరు. పైవాళ్ల రిపోర్టులో దాన్ని అట్రిషన్ అంటారు, పక్కన ఒక శాతం వేస్తారు. నాకు మాత్రం అది ఖాళీ కుర్చీ, ఆ కుర్చీలోంచి లేచొచ్చి మిగతా 17 మంది నెత్తిన పడే కాల్స్.

అందుకే మనుషుల్ని నిలబెట్టే యాప్ ఒకటి తెస్తున్నామని హెచ్‌ఆర్ చెప్పినప్పుడు నిజంగానే సంబరపడ్డాను. దాని పేరు రాయను. మా సంస్థ ఒప్పుకోదు, పైగా ఈ రకం యాప్‌లన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినవి. ఒకటి చూస్తే పది చూసినట్టే.

వాడకం తేలిక. ప్రతి ఉద్యోగికీ నెలకు 200 పాయింట్లు వస్తాయి, సొంతానికి కాదు, ఇతరులకు ఇవ్వడానికి. మెచ్చుకోవాలనుకున్న మనిషి పేరు ఎంచుకుని, ఒక బ్యాడ్జ్ తగిలించి, నాలుగు మాటలు రాసి పంపాలి. అది అందరికీ కనిపించే ఫీడ్‌లోకి వెళ్తుంది, చూసినవాళ్లు చప్పట్ల బొమ్మ నొక్కుతారు. మనకు వచ్చిన పాయింట్లతో యాప్‌లోని స్టోర్‌లో ఏదైనా కొనుక్కోవచ్చు. మాలాంటి లీడ్‌లకు నెలకు 500 పాయింట్లు, ఒక డ్యాష్‌బోర్డ్ అదనం. ఆ డ్యాష్‌బోర్డ్ సంగతి తర్వాత చెప్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

డెమో రోజున అమ్మకాలాయన చూపించిన మొదటి స్లయిడ్ మీద పెద్ద అక్షరాల్లో 45 శాతం అని ఉంది. సర్వేలు చేసే గ్యాలప్, వర్క్‌హ్యూమన్ అనే కంపెనీ కలిసి 2022 నుంచి 2024 దాకా దాదాపు 3,500 మంది ఉద్యోగులను వెంబడించి చూస్తే, మంచి గుర్తింపు దొరికినవాళ్లు ఆ రెండేళ్లలో ఉద్యోగం మారే అవకాశం 45 శాతం తక్కువని తేలిందట. ఆ పరిశీలన నిజంగానే ఉంది, అంకె కూడా సరైనదే. కాకపోతే అందులో సగం పాత్ర పోషించిన వర్క్‌హ్యూమన్ అమ్మేది కూడా ఇలాంటి సాఫ్ట్‌వేరే. పైగా, ఉద్యోగిని మనసారా మెచ్చుకునే చోట రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్ట్ అన్న పట్టిక), జీతం, మేనేజర్ ప్రవర్తన కూడా బాగుండే అవకాశం ఎక్కువ. మనిషిని ఆపింది మెచ్చుకోలా, మిగతావా అన్నది ఆ ఒక్క అంకెలోంచి పిండలేం. ఇంకో మాట, ఆ పరిశీలన మాట్లాడేది మంచి గుర్తింపు గురించి. యాప్ గురించి కాదు. స్లయిడ్ మార్చే వేగంలో ఆ తేడా ఎవరి కంటా పడలేదు, నా కంటా పడలేదు.

మొదటి రెండు నెలలు మాత్రం ముచ్చటగా గడిచాయి. రెండో వారంలో మా ఫీడ్‌లో వచ్చిన ఒక మెసేజ్ నాకిప్పటికీ గుర్తే. కొత్తగా చేరిన అమ్మాయి పక్క సీటాయనకు రాసింది:

“మంగళవారం ఆ నలభై నిమిషాల కాల్‌లో నా గొంతు వణకడం మీరు విన్నారు. ఏమీ అడగలేదు. మీ సిస్టమ్‌లో రీఫండ్ స్క్రీన్ తెరిచి, కేస్ నంబరు కాగితం మీద రాసి నా కీబోర్డు పక్కన పెట్టారు. ఆ కాగితం లేకపోతే హెడ్‌సెట్ అక్కడే పడేసి వెళ్లిపోయేదాన్ని.”

ఆ పెద్దమనిషికి చప్పట్లంటే గిట్టదు, టీమ్ ఫొటోలో వెనక వరసలో సగం మొహమే కనిపించే రకం. బ్రేక్‌లో ఒక్కడే కూర్చుని ఆ మెసేజ్‌ని పైకీ కిందికీ జరుపుతూ చదవడం చూశాను. ఆ మెసేజ్‌తో వచ్చినవి 20 పాయింట్లు. ఆయన ఇప్పటిదాకా వాటిని ముట్టలేదు.

ఇలాంటివి పనిచేస్తాయని పరిశోధనలూ చెప్తున్నాయి. 2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో అనే పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం మా పనికి బాగా దగ్గర. ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్‌లో విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరి దగ్గరికి వాళ్ల డైరెక్టర్ స్వయంగా వచ్చి, మీ కష్టానికి ధన్యవాదాలు అని చెప్పి వెళ్లింది. అంతే. తర్వాతి వారం వాళ్లు చేసిన కాల్స్ 50 శాతానికి పైగా పెరిగాయి. వాళ్లది నిలకడ జీతం, ఎక్కువ ఫోన్లు చేస్తే వచ్చే అదనం ఏమీ లేదు. ఆ ప్రయోగంలో పాయింట్లూ లేవు, బ్యాడ్జీలూ లేవు, ఒక మనిషి నడిచొచ్చి మాట చెప్పడం ఉంది. మా యాప్ కూడా పనిచేసినంత కాలం ఆ మాట వల్లే పనిచేసింది. తంటా అంతా పాయింట్లతోనే.

ఇవ్వాల్సిన 200 పాయింట్లు నెలాఖరుకి ఇవ్వకపోతే మురిగిపోతాయి. అలా పెడితే జనం ఎక్కువ వాడతారని కంపెనీవాళ్ల లెక్క కాబోలు. వాడారు కూడా. మూడో నెల 30వ తేదీ సాయంత్రం ఐదింటి నుంచి ఫీడ్ వరదలా పొంగింది. ‘గ్రేట్ జాబ్’, ‘సూపర్ వర్క్’, ‘కీప్ ఇట్ అప్’, ఒక్కో దానికి 50, 100 పాయింట్లు. దేనికి గ్రేట్, ఏ పనికి సూపర్ అన్నది ఒక్కదాంట్లోనూ లేదు. ఐదో నెలకి నలుగురు కలిసి చక్కగా చుట్టు కట్టుకున్నారు: నువ్వు నాకు, నేను ఆమెకు, ఆమె ఇంకొకరికి, ఆ ఇంకొకరు నీకు. పిలిచి అడిగితే ఒకడు నవ్వి, “పారేసేకన్నా పంచుకోవడం మేలు కదా మేడమ్” అన్నాడు. తప్పు పట్టలేకపోయాను. తేదీ దాటితే మురిగిపోతుందని పెట్టిన వస్తువును ఎవరైనా అలాగే వాడతారు.

అటెండెన్స్ బ్యాడ్జ్ ఇంకో తలనొప్పి. నెలంతా సెలవు పెట్టకుండా, ఆలస్యం కాకుండా వస్తే యాప్ తనంతట తనే 150 పాయింట్లు వేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంది. మా టీమ్‌లో ఒకామె జ్వరంతో వచ్చి కూర్చుంది, రెండు రోజులకు పక్కనున్న ఇద్దరు పడుకున్నారు. ఇంకొకతను మూడో తేదీన పది నిమిషాలు ఆలస్యమయ్యాడు. ఈ నెల బ్యాడ్జ్ ఎలాగూ పోయిందని మిగతా నెలంతా తీరుబడిగా రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఏ బ్యాడ్జీ లేకుండానే ఠంచనుగా వచ్చేవాడు. ఇది మా ఒక్కరి అనుభవం కాదని తర్వాత తెలిసింది. 2016లో గబ్లర్, లార్కిన్, పియర్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక పారిశ్రామిక లాండ్రీ సంస్థలో హాజరు బహుమతి పెట్టిన ప్లాంట్‌ను, పెట్టని ప్లాంట్లతో పోల్చి చూశారు. బహుమతి అందే ఆశ ఉన్నప్పుడు టైముకు రావడం, లేనప్పుడు మానేయడం అక్కడా జరిగింది. అంతకుముందు నుంచీ వేళకు వచ్చేవాళ్లలో ఉత్సాహం తగ్గింది, మొత్తం మీద ప్లాంట్ ఉత్పాదకతే పడిపోయింది. ఆ సంగతి చదివిన మర్నాడే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. అడగ్గా అడగ్గా మూడు నెలలకు మా టీమ్ వరకు ఆ బ్యాడ్జ్ ఆపారు.

స్టోర్ గురించి ఎక్కువ రాయక్కర్లేదు. హెడ్‌ఫోన్లు, బ్యాగులు, గిఫ్ట్ కార్డులు. బయట అదే వస్తువు ఎంతకు దొరుకుతుందో చూసి పాయింట్లతో లెక్కేస్తే స్టోర్‌లోనే ఖరీదెక్కువ. బాగున్నవి ఎప్పుడూ అయిపోయి ఉంటాయి, కంపెనీ లోగో వేసిన బాటిల్ మాత్రం ఏనాడూ అయిపోలేదు. ఒక జాగ్రత్త చెప్పాలి: చాలా దేశాల్లో యజమాని ఇచ్చే గిఫ్ట్ కార్డును నగదుతో సమానంగా చూసి, జీతంలో కలిపి పన్ను వేస్తారు. ఈ సంగతి మాకెవరూ ముందు చెప్పలేదు. బహుమతి వచ్చిందని మురిసిపోయిన పిల్ల నెలాఖరున పేస్లిప్ పట్టుకొచ్చి, “ఈ కోత దేనికి?” అని అడిగితే, అకౌంట్స్‌లో కనుక్కుని చెప్పేసరికి బహుమతి సరదా కాస్తా ఆవిరైపోయింది.

దానికన్నా మనసు చివుక్కుమన్న సంగతి ఒకటుంది. ఉద్యోగంలో ఇన్నేళ్లు పూర్తయ్యాయని యాప్ తనే ఒక బ్యాడ్జ్ పంపుతుంది. మా టీమ్‌లో అందరికంటే సీనియర్‌కి ఆ రోజు ‘4 ఏళ్ల శుభాకాంక్షలు’ అని వచ్చింది. ఆవిడ ఇక్కడ పనిచేస్తున్నది 7 ఏళ్లుగా. మొదటి మూడేళ్లు కాంట్రాక్ట్ మీద ఉన్నారు, హెచ్‌ఆర్ రికార్డులో చేరిన తేదీ అంటే పర్మనెంట్ అయిన తేదీ. యాప్ ఆ తేదీనే తీసుకుంది. ఫీడ్‌లో అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ నా సీటు దగ్గరికొచ్చి నెమ్మదిగా, “నాకు పని నేర్పినవాళ్లూ, నేను నేర్పినవాళ్లూ ఈ మూడేళ్లలోనే ఉన్నారు, అవి ఎటు పోయాయి?” అన్నారు. ఏ బ్యాడ్జీ పంపకపోయినా ఆవిడ పట్టించుకునేవారు కాదు. పంపి మరీ గుర్తు చేశారు.

కాంట్రాక్ట్ అంటే గుర్తొచ్చింది. యాప్‌కి తలకింత అని లైసెన్స్. అందుకని కాంట్రాక్ట్ సిబ్బంది, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ ఎవరూ అందులో లేరు. రాత్రి రెండింటికి ఏసీ ఆగిపోతే పరిగెత్తుకొచ్చి సరిచేసినతనికి థాంక్స్ చెప్దామని మా వాళ్లు పేరు వెతికితే ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది.

ఇన్ని తిట్టాక కూడా ఈ యాప్‌ని పూర్తిగా కొట్టిపారేయలేకపోవడానికి కారణం ఆ డ్యాష్‌బోర్డ్. అందులో కుడివైపు కింద, ఎవరూ చూడని మూలన చిన్న జాబితా ఉంటుంది: గత 60 రోజుల్లో ఒక్క మెసేజ్ కూడా అందనివాళ్లు. పూర్తి చేసిన కాల్స్, రేటింగులు అన్నీ రంగురంగుల గ్రాఫులుగా పైన వెలిగిపోతుంటే, ఇది బూడిదరంగులో మూడు పేర్లు. ఎనిమిదో నెలలో మొదటిసారి దాన్ని తెరిచాను. మూడో పేరు చూసి ఆగిపోయాను. 60 రోజులు కాదు, యాప్ వచ్చిన నాటి నుంచీ అతనికి సున్నా.

అతని మీద నాకు ఫిర్యాదు లేదు. అతను నాకు గుర్తే రాడు, సమస్య అదే. కాల్స్ సగటు, రేటింగ్ సగటు, మీటింగుల్లో మాట్లాడడు. ఇంతకీ ఏం చేస్తుంటాడో చూద్దామని ఒక షిఫ్ట్ అతనికి రెండు సీట్ల అవతల కూర్చున్నాను. లాగిన్ అయ్యాక మొదటి కాల్ తీసుకునేలోపు అతనికి 20 నిమిషాలు దొరుకుతాయి. ఆ 20 నిమిషాల్లో క్యూలోకి వెళ్లి, ముందు షిఫ్ట్‌వాళ్లు తప్పు కేటగిరీలో వేసిన టికెట్లను, అంటే నమోదైన ఫిర్యాదులను, ఒక్కొక్కటీ తెరిచి సరైన చోట పెడుతున్నాడు. డబుల్ డెబిట్ అయిన ఫిర్యాదు సాధారణ విచారణలో పడిందనుకోండి, అది మూడు రోజులు అక్కడే నానుతుంది, నాలుగో రోజు కస్టమర్ నిప్పులు కక్కుతూ ఫోన్ చేస్తాడు. ఇతను దాన్ని మొదటి రోజే లాగి అవతల వేస్తే ఆ నాలుగో రోజు కాల్ అసలు రాదు. రాని కాల్‌ని ఏ గ్రాఫ్ చూపిస్తుంది? ఏ సహోద్యోగి చూసి చప్పట్లు కొడతాడు? ఎన్నాళ్లుగా చేస్తున్నావని అడిగితే చేరిన రెండో నెల నుంచీ అన్నాడు. ఎవరు చెయ్యమన్నారంటే, ఎవరూ చెప్పలేదు, చూస్తూ వదిలెయ్యలేకపోయానన్నాడు.

ఆ రాత్రి యాప్‌లో అతనికి రాశాను, ఆ టికెట్ల సంగతి, ఆ 20 నిమిషాల సంగతి. పాయింట్లు సున్నా పెట్టి పంపాను, కావాలనే. మర్నాడు షిఫ్ట్ అయ్యాక ఆగి, “మీకెలా తెలిసింది మేడమ్?” అన్నాడు. ఆ ప్రశ్నతో మొదలైన మాట అరగంట సాగింది. చేతిలో వేరే ఆఫర్ ఉందట, పదో తేదీలోగా జవాబు చెప్పాలి. జీతం పెద్ద తేడా లేదు. సాయంత్రం కోర్సులో చేరాలని ఉంది, మా రోస్టర్‌లో సాయంత్రం షిఫ్ట్ మారదు, అడిగినా మార్చరని అనుకున్నాడు. మార్చడానికి నాకు పట్టిన సమయం ఒక మెయిల్, రెండు ఫోన్లు. ఇప్పటికీ మాతోనే ఉన్నాడు, ఉదయం షిఫ్ట్‌లో. అతన్ని ఆపింది నా మెసేజ్ అని చెప్పుకుంటే అబద్ధం. ఆపింది రోస్టర్. కానీ మెసేజ్ లేకపోతే రోస్టర్ మాటే వచ్చేది కాదు, ఆ జాబితా లేకపోతే మెసేజే ఉండేది కాదు.

మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను మాట్లాడించి 1959లో ఒక సంగతి చెప్పింది. జీతం, సంస్థ విధానాలు, పని పరిస్థితులు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. సాధించామన్న భావన, గుర్తింపు, పనిలో ఆసక్తి ఉంటే ఉత్సాహం పుడుతుంది. ఇవి రెండూ వేరువేరు ఖాతాలు, ఒకదాంట్లో లోటును ఇంకోదాంతో పూడ్చలేం. తర్వాతి పరిశోధకులు దాన్ని చాలానే విమర్శించారు, కానీ మా 4,320 పాయింట్ల కుర్రాణ్ణి తలుచుకుంటే నాకది అక్షరాలా నిజమనిపిస్తుంది. రెండో ఖాతా నింపుకుంటూ పోయాం, అతను వెళ్లింది మొదటి ఖాతా ఖాళీ అయినందుకు.

లెక్క అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నాను. యాప్ రాకముందు 14 నెలల్లో మా టీమ్ నుంచి ఏడుగురు వెళ్లారు, వచ్చాక ఐదుగురు. ఇద్దరు తగ్గారు. ఈలోగా రాత్రి షిఫ్ట్ రోస్టర్‌ను రెండు వారాల ముందే ప్రకటించడం కూడా మొదలైంది, కనుక ఆ ఇద్దరిని ఎవరి ఖాతాలో వెయ్యాలో నాకు తెలియదు. హెచ్‌ఆర్ మాత్రం యాప్ ఖాతాలో వేసి స్లయిడ్ చేసేసింది.

కొనాలా వద్దా అంటే, జీతాలు, రోస్టర్లు ఓ దారిలో ఉండి, లీడ్‌లు కూడా వాడతారన్న నమ్మకం ఉంటే కొనండి. కొన్న రోజే మురిగిపోయే తేదీని తీసేయించండి, అటెండెన్స్ బ్యాడ్జ్ ఆపించండి, ఎవరికెన్ని పాయింట్లో వరసపెట్టి చూపే లీడర్‌బోర్డ్ కనిపించకుండా చేయించండి, చేరిన తేదీలను మనుషుల్ని అడిగి సరిచూసుకోండి. ‘ఏం చేశారో రాయండి’ అని మెసేజ్ పెట్టెలో కనీస అక్షరాల పరిమితి పెట్టే సెట్టింగ్ ఒకటుంది. మేం దాన్ని పదో నెలలో కనుక్కున్నాం. పెట్టాక ‘సూపర్ వర్క్’ వరద సగానికి తగ్గింది, మిగిలిన సగం ‘సూపర్ వర్క్ సూపర్ వర్క్ సూపర్ వర్క్’గా మారింది. నా రేటింగ్ 5కి 3. అందులో 2 ఆ బూడిదరంగు జాబితాకే.

ఇంకొక్క సంగతి. ఆ కుర్రాడు నాకు ఆ పేజీ చూపించిన కాసేపటికే, రాజీనామా పెట్టిన రోజే, అతని ఖాతా నిలిచిపోయింది, 4,320 కాస్తా సున్నా అయింది. స్టోర్‌లో అతను మూడు నెలలుగా కన్నేసి ఉంచిన హెడ్‌ఫోన్లకు కావలసినవి 4,500. కనీసం ఉన్నవాటికి ఏదో ఒకటి ఇప్పించండని యాప్ కంపెనీ సపోర్ట్‌కి రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది: మీ సంస్థ పెట్టిన నిబంధన ప్రకారం నోటీసులో ఉన్నవారి పాయింట్లు రద్దవుతాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాం. కింద ఒక బటన్, ‘ఈ ఏజెంట్ సేవ నచ్చితే చప్పట్లు కొట్టండి’. నేనూ సపోర్ట్‌లోనే పనిచేస్తాను కదా, కొట్టాను.